పరుపు కుట్టే వరస

అత్త పక్కబట్టలు మార్చడంతో మెహతాబ్‌కు రోజూ తెల్లవారేది. 1990 ఆగస్టు రెండో తారీకునా అంతే. ఆసియా బీని ఒక పక్కకు ఒత్తిగిలజేసి, తడిసిన దుప్పటిని వీపు వరకూ చుట్టి, దాని వెనకే పొడి దుప్పటి పరిచి, మళ్ళీ ఆ మనిషిని ఈ పక్కకు దొర్లించి, నడుం కింద రబ్బరు గుడ్డ సరిచేయాలి. ఆస్పత్రిలో ఈ పనికి ఇద్దరు నర్సులుంటారు. కువైట్‌లో, ఫర్వానియాలో ఆ రెండు గదుల ఇంట్లో మెహతాబ్ ఒక్కతే ఉంది. పక్క గదిలోంచి ఆమె భర్త నూర్ బాషా, "రోంత మెల్లగా చెయ్యరాదా, సెలవు పూట గూడా నిద్ర లేకుండా చేస్తాండావు" అన్నాడు. నిజానికి అతని నిద్ర చెడగొట్టింది ఆమె కాదు. దూరాన్నుంచి ఏదో గడగడమని ఆగకుండా వినిపిస్తోంది. ఆసియా బీ చెవి రిక్కించి విని, మొహమంతా వెలిగిపోతుండగా, "దూది బండ్లొచ్చినాయి మేతాబూ, బిరీన పొయ్యి తలుపు తియ్యి" అంది.

మెహతాబ్ కిటికీ తెర కొంచెం తప్పించి చూసింది. సైనికుల లారీలు పోతున్నాయి, వాటి వెనక ట్యాంకులు. ఇరాక్ సైన్యం దేశంలోకి వచ్చేసిందని కాసేపటికి రేడియో చెప్పింది. నూర్ బాషా లుంగీ మీదే వచ్చి రేడియో ముందు కూలబడ్డాడు. ఆసియా బీ మాత్రం బండ్లవాళ్ళకు మజ్జిగ ఇమ్మని ఇంకో పదిసార్లు చెప్పింది. మెహతాబ్ అలవాటు కొద్దీ నోటుపుస్తకం తీసి, సమయం వేసి, ఆ మాట రాసుకుంది. దేశం మీద దండు వచ్చి పడిన రోజున కూడా ఆమె చెయ్యి మొదట దానికోసమే పోయింది. ఆ ఇంట్లో ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ పుస్తకాలు తప్ప ఆమెకు ఇంకొకటి లేదు.

ఆ పుస్తకాల సంగతి చెప్పాలంటే పెళ్ళి దగ్గర్నుంచి రావాలి. మెహతాబ్ కడప పిల్ల. దూదేకుల ఇంట పుట్టి, తిరుపతిలో ఎలుకల మెదళ్ళ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. పెళ్ళిచూపుల్లో ఆసియా బీ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఎలకల్ని కోసిన చేత్తోనే కూడొండుతావా మ్మా?" అందరూ నవ్వారు, మెహతాబ్ కూడా నవ్వింది. నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది. నూర్ బాషా కువైట్‌లో షర్క్ పేటలో ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తా. కొత్తలో "మా ఇంట్లో ఆయమ్మ డాక్టరు" అని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాడు. వాళ్ళలో ఎవరో జ్వరానికి మందు రాయించుకుందామని వచ్చేసరికి తల కొట్టేసినట్టయి, "ఆ డాక్టరు కాదులేప్పా, ఎలకల డాక్టరు" అని సర్దుకున్నాడు. అప్పట్నుంచీ ఆ పేరే ఖాయమైంది.

ఆమె అక్కడ ఒక వైద్య కళాశాల ప్రయోగశాలలో చేరింది. మనుషులకు ముసలితనంలో మతి తప్పిపోయే జబ్బు, అల్జీమర్స్ అంటారే, దాని మీద అక్కడ పని జరిగేది. భర్త పేరు మీద వచ్చిన ఇఖామా, అంటే నివాస పత్రం, కాబట్టి కాగితాల్లో ఆమె సహాయకురాలు మాత్రమే. డాక్టరేట్ ఊసు ఏ కాగితంలోనూ లేదు. ఎలుకల మెదళ్ళను పల్చటి పొరలుగా కోసేది, రంగు పట్టించేది, సూక్ష్మదర్శిని కింద చచ్చిన కణాలను లెక్కపెట్టేది ఆమె. కింద సంతకం పెట్టేది ప్రొఫెసరు. సాయంత్రం ఇంటికొస్తే ఉదయం వదిలేసి పోయిన గిన్నెలు ఉదయం ఉన్నచోటే ఉండేవి. "పిల్లా జెల్లా లేని కొంపలో నీకేం పనుంటాది?" అనేవాడు నూర్ బాషా. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది. చేయమని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు.

మామ పోయాక ఆసియా బీని కువైట్‌కు తెచ్చుకున్నారు. తెచ్చుకున్నది నూర్ బాషా, చూసుకున్నది మెహతాబ్. ఆసియా బీ ఏడేళ్ళప్పటి నుంచీ దూది ఏకి, పరుపులు కుట్టి, నలుగురు బిడ్డల్ని సాకిన మనిషి. ఊరికే కూర్చోవడం చేతగాక ఇక్కడ కూడా ఇరుగుపొరుగుకు పరుపులు కుట్టిపెట్టేది. ఒకరోజు మెహతాబ్ ప్రయోగశాల నుంచి వచ్చేసరికి నడవలో నేలంతా పరుపు గుడ్డ పరిచి ఉంది. నాలుగు పక్కలా పకడ్బందీగా కుట్టేసి ఉంది. దూది కుప్ప పక్కనే అలాగే ఉంది. ఆసియా బీ చేతిలో గుప్పెడు దూది పట్టుకుని, ఆ గుడ్డ చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతూ, దూది కూరడానికి మూతి ఎక్కడుందా అని తడుముకుంటోంది. కోడల్ని చూసి సిగ్గుపడి, "మూతి యాడనో పెట్టి మర్చిపోయినా" అంది. మెహతాబ్ గుమ్మంలోనే నిలబడి చూసింది. ఏళ్ళ తరబడి ఎలుకల్లో వెతుకుతున్నది తన ఇంట్లో, తన కళ్ళెదుట కనిపించింది. ఆ సాయంత్రమే భర్తకు చెప్పింది. "వయసైనోళ్ళు మర్చిపోరా? నీకు ప్రతిదీ జబ్బే. మా అమ్మను తీసుకపొయ్యి ఎలకల్లో కలపాకు" అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అయితే ఆ పరుపు ఆమెకొక దారి చూపించింది. మతిమరుపు పట్టుకోవడానికి ఆస్పత్రిలో అడిగే ప్రశ్నలన్నీ చదువుకున్నవాళ్ళ కోసం కట్టినవి. ఇవాళ తారీకెంత, నూరులోంచి ఏడేడు తీసేస్తూ పో, ఈ బొమ్మ చూసి గియ్యి. ఆసియా బీకి బుద్ధి నిక్షేపంగా ఉన్న రోజుల్లో కూడా తారీకు తెలీదు, పెన్ను పట్టడం రాదు. అటువంటి మనిషిని తారీకు అడిగితే ఏం తేలుతుంది? జన్మంతా చేసిన పని వరస అడగాలి. పరుపెట్లా కుడతావు, ముందేం చేస్తావు, తర్వాతేం చేస్తావు అని అడిగి, వరసలో ఏ మెట్టు జారిపోయిందో చూడాలి. కువైటీ ముసలమ్మనైతే యాలకుల కాఫీ కాచే వరస అడగాలి. ఇది తట్టిన రోజు మెహతాబ్ సంతోషం పట్టలేక కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. దాని మీద నూర్ బాషా అన్న మాటలు ఇక్కడ రాయనక్కర్లేదు.

కువైటీ ఇళ్ళలో ముసలి మామాలకు, అంటే ఆ ఇంటి పెద్దమ్మలకు, స్నానం చేయించి, అన్నం తినిపించి, పడుకోబెట్టే ఆడవాళ్ళలో రాయచోటి వైపు వాళ్ళు చాలామంది. వాళ్ళలో మొదట రజియా బీ పరిచయమైంది. జాబ్రియాలో ఒక ఇంట్లో పెద్ద మామాను చూసుకునేది. ఆమె ఇంకొకరిని తెచ్చింది, ఆ ఇంకొకరు మరో ఇద్దరిని తెచ్చారు. వాళ్ళకు రాయడం రాదు. అందుకని మామా అడిగిన మాటే మళ్ళీ అడిగినప్పుడల్లా ఒక ఖర్జూరపు గింజను పాలపొడి డబ్బాలో వేయమంది మెహతాబ్. ఆ దేశంలో ఖర్జూరపు గింజలకు కొదవేముంది! నెలకో శుక్రవారం డబ్బాలు ఆమె వంటింటికి వచ్చేవి. గింజలు లెక్కపెట్టి, కాఫీ వరసలో ఆ నెల ఏ మెట్టు తప్పిందో వాళ్ళ నోటి నుంచే విని రాసుకునేది. నాలుగేళ్ళలో ముప్పై రెండు మంది ముసలమ్మలు, పదకొండు నోటుపుస్తకాలు. చిన్నప్పుడు మసీదులో హజ్రత్ నేర్పినట్టు ప్రతి పేజీ నెత్తినా అరబ్బీలో బిస్మిల్లా రాసి, కింద తెలుగులో నీలం సిరాతో నింపేది. బాల్‌పెన్నుతో రాస్తే దస్తూరి పాడవుతుందని స్కూల్లో టీచరమ్మ చెప్పిన మాట ముప్పై ఏడేళ్ళొచ్చినా ఆమె తప్పలేదు. డాక్టర్లు జబ్బని తేల్చడానికి రెండేళ్ళ ముందే వరసలో మెట్టు జారుతోందని ఆ పుస్తకాలు చూపిస్తున్నాయి.

ప్రొఫెసరుకు మొదట చూపిస్తే, "ఇవి వంటింటి కబుర్లు, సైన్సు కాదు" అన్నాడు. మూడేళ్ళు అదే మాట. మొన్న జూలైలో సెలవు మీద లండన్ పోతూ మాత్రం, అక్కడ సభలో చదవడానికి ఆ వంటింటి కబుర్లనే రెండు పేజీల్లో కుదించి ఇమ్మన్నాడు. మెహతాబే కూర్చుని టైపు చేసింది. పైన అతని పేరు. చివర్లో, సాయం చేసినందుకు మిసెస్ బాషాకు కృతజ్ఞతలు. తన పేరు లేని కాగితాన్ని తన వేళ్ళతోనే, ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టి ఇచ్చింది. అడగొచ్చు కదా అంటారు. అడిగితే ప్రయోగశాలలో ఆమెకున్న ఆ ఒక్క టేబులు కూడా ఉండదు. అతను ఫైలు తీసుకుని, "అసలు పుస్తకాలు జాగ్రత్త, రేపు ఎవరైనా రుజువు అడుగుతారు" అన్నాడు. అందుకే వాటిని ప్రయోగశాలలో ఉంచకుండా ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టుకుంది. ఆ పని తనదేనని లోకానికి చెప్పడానికి మిగిలిన సాక్ష్యం అవే.

సైన్యం వచ్చాక నూర్ బాషా గడప దాటలేదు. మగవాళ్ళను తనిఖీ నాకాల దగ్గర ఆపుతున్నారు, కొడుతున్నారు, కొందర్ని లారీ ఎక్కిస్తున్నారు. భయం నిజమైనదే, ఎవరూ కాదనరు. అయితే ఇంట్లో కూర్చున్న ఆ ఏడు వారాల్లో అతను ఒక్క కప్పు కూడా కడగలేదు. రొట్టెల వరసలో మెహతాబ్, గ్యాసు సిలిండర్ల వరసలో మెహతాబ్, అత్త మాత్రల కోసం తెరిచి ఉన్న మందుల షాపు వెతుక్కుంటూ నాలుగు మైళ్ళు ఎండలో నడిచింది మెహతాబ్. వచ్చి చెప్పులు విడుస్తుంటే, "ఇంతసేపా? అమ్మ నాలుగుసార్లు బాత్రూముకని లేచింది, నేను పట్టుకోలేక చచ్చినా" అనేవాడు. పన్నెండో రోజున ఆమె ప్రయోగశాలకు కూడా వెళ్ళి చూసింది. సూక్ష్మదర్శినులు లేవు, మెదళ్ళు దాచిన ఫ్రీజరు లేదు, కుర్చీలు కూడా లేవు. గాజు పలకలు నేలంతా చిట్లి ఉన్నాయి. వాటి మీద ఆమె కోసిన పొరలున్నాయి. కాపలా ఉన్న సైనికుడు ఇరవై ఏళ్ళవాడు, "ఖలాస్, మామా, ఖలాస్" అని చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ఇంటికొచ్చి, రొట్టె ముక్కలు చేసి అత్తకు తినిపిస్తూ, ఆ మాట భర్తకు చెప్పింది. "పోతే పోనీ, ఎట్లా ఆ పని ఇడ్సిపెట్టే పోవల్ల గదా" అన్నాడు. అతనికి అది ఓదార్పు మాటే. ఆమె బియ్యం డబ్బా జరిపి పదకొండూ ఉన్నాయో లేదో చూసుకుంది. ఉన్నాయి.

సెప్టెంబరు మూడో వారంలో రజియా బీ వచ్చింది. ఆమె ఇంటివాళ్ళు మామాను కారులో వేసుకుని సౌదీకి పారిపోయారు. "నాకు సీటు ల్యాకపాయె అక్కా. గేటు కాడ నిలబెట్టి బీగాలు చేతిలో పెట్టి పోయినారు. మామా కారు అద్దంలోంచి రజియా రజియా అని అరుస్తాండాది. యాడ పండుకుంటాదో, ఎవురు తినిపిస్తాండారో" అంటూ ఏడ్చింది. ఏడ్చాక కొంగు కింద నుంచి పాలపొడి డబ్బా తీసి ఇచ్చింది. "పోయేదాకా ఏసినా అక్కా. దండు వచ్చినాక బో ఎక్కువైనాయి." చుట్టూ ఊరు తగలబడుతుంటే ఆ చదువురాని మనిషి రోజూ గింజలు వేస్తూనే ఉంది. మెహతాబ్ లెక్కపెట్టింది, నూట పదిహేను. రాసుకుంటుంటే ఆమె కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆ పనిని పనిగా చూసిన మనిషి తనతో పాటు ఇంకొకతె ఉందని ఆ పూట తెలిసింది.

బస్సులు దొరుకుతున్నాయనీ, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే అమ్మాన్ నుంచి విమానాలున్నాయనీ కబురొచ్చింది. మనిషికి ఒక సంచి. అదే వారం పై అంతస్తులో ఉండే మలయాళీ అతన్ని జేబులో ఫోను నంబర్ల చీటీ దొరికిందని పట్టుకుపోయారు, మళ్ళీ రాలేదు. నూర్ బాషా వంటింట్లోకి వచ్చి బియ్యం డబ్బా జరిపాడు. "ఇవి చూసినారంటే మనల్ని నిలబెట్టి కాలుస్తారు. కువైటీ ఇండ్ల అడ్రసులు, పేర్లు. స్టవ్ అంటించు" అన్నాడు. ఆ భయం మెహతాబ్‌కు కూడా కలిగింది. రెండు రోజులుగా బ్లేడు పెట్టి ప్రతి పేరునూ, ప్రతి వీధినీ కోసి తీసేసింది, ఆ ముక్కల్ని తనే కాల్చింది. మిగిలింది ఒకటో నంబరు ముసలమ్మ, రెండో నంబరు ముసలమ్మ. అది చూపించింది. అతను వినలేదు, అగ్గిపెట్టె అందుకున్నాడు. అప్పుడామె పేజీ తెరిచి వేలు పెట్టి చూపిస్తూ, "పైన ఏముందో చూసినారా? బిస్మిల్లా. అల్లా పేరు. కాలుస్తారా?" అంది. నూర్ బాషా చెయ్యి ఆగిపోయింది. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. అగ్గిపెట్టె గట్టు మీద పెట్టేసి పోయాడు. పెళ్ళయిన పదేళ్ళలో ఆమె మాట నెగ్గిన మొదటి రోజు అది. ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది.

మర్నాడు ప్రయాణానికి రొట్టెల కోసం వరసలో నిలబడి, మూడు గంటల తర్వాత ఇంటికొచ్చింది. స్నానాలగది తలుపు తీసి ఉంది. నీళ్ళు ఏ రోజు ఆగిపోతాయో అని ఆమె తొట్టి నిండా పట్టిపెట్టిన నీళ్ళు నీలంగా ఉన్నాయి. నూర్ బాషా పైజామా మోకాళ్ళ వరకూ మడిచి, తొట్టి గట్టు మీద కూర్చుని, ఒక్కో పేజీ చించి నీళ్ళలో వేసి, చేత్తో రుద్ది సిరా వదలగొడుతున్నాడు. దేవుడి పేరున్న కాగితాన్ని కాల్చకూడదు, చెత్తలో వేయకూడదు. అక్షరం కరిగిపోయేదాకా నీళ్ళలో ఉంచాలి. కడప వైపు ఇళ్ళలో దాన్ని ఠండా చేయడం అంటారు. మెహతాబ్‌కు కూడా తెలుసు, పాతబడిన ఖురాను పేజీలను వాళ్ళ నాన్న ఏటిలో వదలడం చూసింది. తెలిసి కూడా, కాల్చకూడదన్న సగమే అతనికి గుర్తుచేసి, మిగతా సగం, నీళ్ళలో కడగమన్నది, అతని చేతిలో పెట్టి, తను రొట్టెల వరసలోకి పోయింది. తొట్టి పక్కన ఆసియా బీ పీట మీద కూర్చుని, కొడుకు అందించిన తడి పేజీలను ముద్దలుగా మెలితిప్పి, నీళ్ళు పిండి, బకెట్లో వేస్తోంది. చేతులు ఎంత వాటంగా తిరుగుతున్నాయో! "బట్టలకు బో మురికి పట్టింది మేతాబూ, ఎంత జాడించినా నీలం వస్తానే ఉండాది" అంది.

మెహతాబ్ తొట్టిలో చెయ్యి పెట్టి ఒక పేజీ తీసింది. అది తెల్లగా ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. నూర్ బాషా తల ఎత్తకుండానే, "పాపం లేకుండా చేసినా, కాల్చలేదు గదా" అన్నాడు. ఆమె నిలబడే ఉండటం చూసి కాస్త మెత్తబడి, మంచి మాట చెబుతున్నాననుకుని చెప్పాడు. "నీకన్నీ గుర్తుంటాయి గదా. ఇంటికి పోయినాక తీరిగ్గా మళ్ళా రాసుకో."

బస్సులో ఆమె ఆ పనే చేయబోయింది. కిటికీ అవతల ఎడారి పోతుండగా కళ్ళు మూసుకుని ఒకటో నంబరు ముసలమ్మను పిలిచింది. ఏ సంవత్సరం మొదలుపెట్టాం, కాఫీ వరసలో మొదట ఏ మెట్టు తప్పింది, మొదటి నెల గింజలెన్ని? రాలేదు. రెండో నంబరు. ఆమె గింజలు మూడో ఆమెతో కలిసిపోయాయి. దానికి బదులు ఏం వచ్చాయంటే, నూర్ బాషా టీలో ఒకటిన్నర చెంచా చక్కెర, అతని ఆఫీసు చొక్కాల్లో గుండీ ఊడినది ఏది, రంజాన్‌లో ఏ స్నేహితుడి ఇంటికి ఏం పంపాలి, అత్త ఏ కూర ఉమ్మేస్తుంది, ఏది మింగుతుంది. ఇవన్నీ ఒక్కటి కూడా పోలేదు, అడగకపోయినా వరసగా వస్తున్నాయి. పదేళ్ళు ఆ ఇల్లు ఆమె తలలో తన సామాను సర్దుకుంటూ పోయింది, ఆమె పనికి పుస్తకాల్లో తప్ప చోటు మిగల్లేదు. అది అర్థమయ్యాక మెహతాబ్‌కు ఏడుపు కూడా రాలేదు. బతికి ఇంటికి చేరి ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

పక్క సీట్లో ఆసియా బీ ఆమె మొహంలోకి తేరిపార చూసి, "ఎవురుమ్మా నువ్వు?" అంది. నాలుగేళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు ఒకటే. నీ కోడల్ని అత్తా. ఆ రోజు ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది. "డాక్టర్ మెహతాబ్‌ని" అంది. "మతిమరుపు జబ్బు మీద పని చేసినాను."

"అట్లనా! సదువుకున్నదానివి" అని ఆసియా బీ సర్దుకుని కూర్చుంది. "అయితే ఏం కనుక్కున్నావు మ్మా?"

మెహతాబ్ ఉలిక్కిపడింది. మొగుడు అడగలేదు. ప్రొఫెసరు సారాంశం ఇమ్మన్నాడే గానీ అడగలేదు. అమ్మ ఉత్తరాల్లో, నెల తప్పిందా అని మాత్రమే అడిగేది. ఏం కనుక్కున్నావని ఈ భూమ్మీద ఎవరూ ఇంతవరకూ ఆమెను అడగలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఒక ముసలామె ఉండేదనీ, పరుపులు కుట్టడంలో అంత పనిమంతురాలు లేదనీ, ఒకనాడు నాలుగు పక్కలా కుట్టేసి దూది కూరడానికి మూతి వెతుక్కుందనీ చెప్పింది. ఆసియా బీ పడీ పడీ నవ్వింది. "పిచ్చిది! ఒక పక్క ఇడ్సిపెట్టల్ల గదా! అది గూడా తెలీదా!" వాళ్ళతో పాటే బయల్దేరిన రజియా బీ రెండు సీట్ల అవతల మొహం కొంగులో దాచుకుంది. మెహతాబ్ ఆగలేదు. కాఫీ వరస, గింజలు, డాక్టర్ల కంటే రెండేళ్ళ ముందు తెలియడం, అన్నీ చెప్పింది. ఆసియా బీ శ్రద్ధగా విన్నది. "పాపం ఆ ముసలామె. ఎవురు చూసుకుంటాండారు?"

"కోడలు."

"మల్ల ఆ కోడలికి ఎవురుండారు?"

ముందు సీట్లో నూర్ బాషా మెడ బిగుసుకుంది గానీ వెనక్కి తిరగలేదు. ఆసియా బీ కునుకు తీసింది. లేచి మళ్ళీ, ఎవురుమ్మా నువ్వు, ఏం కనుక్కున్నావు అని అడిగింది. మెహతాబ్ మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. బాగ్దాద్ దాకా చెప్పింది, సరిహద్దు దగ్గర గుడారాల్లో నాలుగు రోజులు ఇసుక తింటూ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఎక్కడో ఒక ముక్క దొరికేది. ఏడో నంబరు ముసలమ్మ కాఫీలో యాలకులు మరిచిన నెల, పన్నెండో ఆమె గింజలు. ఆ ముక్కను తర్వాతి సారి కలిపి చెప్పేది. అమ్మాన్ చేరేసరికి ముప్పై రెండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. మిగతా ఇరవై ముగ్గురూ నీళ్ళలో పోయారు. వచ్చిన ఆ తొమ్మిది మందికి కూడా రుజువు లేదనీ, లండన్‌లో ఈపాటికి ఆ రెండు పేజీలు ఇంకొకరి పేరు మీద అచ్చయిపోయి ఉంటాయనీ ఆమెకు తెలుసు.

అమ్మాన్‌లో ఒక స్కూలు భవనంలో దింపారు. వాలంటీరు కుర్రది జాబితా పట్టుకుని వచ్చి, సొంతంగా నడవలేని ముసలివాళ్ళను తోడు ఒకరితో ఈ పూట విమానంలోనే పంపుతామనీ, మిగతా వాళ్ళకు వారమో పది రోజులో పట్టొచ్చనీ హిందీలో చెప్పింది. "మా ఇంట్లో ఆమె పోతుంది, రాసుకోండి" అన్నాడు నూర్ బాషా. మెహతాబ్ వైపు చూడను కూడా లేదు. పదేళ్ళుగా అటువంటివి చూడకుండానే చెప్పడం అలవాటు.

"కొడుకు పోతాడు, రాసుకోండి" అంది మెహతాబ్. "నాకు రాసుకోడానికి రెండు తెల్ల కాగితాలు ఇప్పించండి."

నూర్ బాషాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కకు లాగి, "మతి పోయిందా నీకు? ఒంటరిగా ఈడ ఏం చేస్తావు?" అన్నాడు. "రజియా ఉండాది" అంది. అతను తల్లి వైపు చూశాడు, వాలంటీరు వైపు చూశాడు, జాబితాలో తన పేరు ఎక్కిపోవడం చూశాడు. పెళ్ళయిన పదేళ్ళలో మొదటిసారి అతను ఆమెను అడిగాడు. "నాకేం తెలుసే? ఏ మాత్ర ఎప్పుడియ్యల్ల? రేత్రిపూట ఏడిస్తే ఏమని చెప్పల్ల? చెప్పి పో."

తెల్లది పొద్దున అన్నం తిన్నాక, పసుపుది సగం విరిచి చీకటి పడే ముందు. మాత్ర నోట్లో పెట్టకూడదు, అరచేతిలో పెడితే తనే వేసుకుంటుంది. ఎడమ పక్కకు పడుకోబెడితే భుజం నొస్తుంది. మామ ఏడని ఏడిస్తే చనిపోయాడని చెప్పకూడదు, దూది తేవడానికి పోయాడు, వస్తున్నాడని చెప్పాలి. బాత్రూముకు తీసుకుపోయేటప్పుడు ముందు నడవకూడదు, పక్కన నడవాలి. అన్నీ వరసగా, ఒక్క మెట్టు జారకుండా, మెహతాబ్ కళ్ళ ముందు నిలబడ్డాయి. ఆమె అత్త చెయ్యి తీసి అతని చేతిలో పెట్టింది.

"నాకు గుర్తు లేదు" అంది.